డిస్కు లెక్క సరిచూచుట

కంప్యూటరు పనిచేయుచుండగా హఠాత్తుగా కరెంటు పోవును. తిరిగి వచ్చిన పిమ్మట ఇంటిల్లిపాది ఛాయాచిత్రములు తెఱచుకొనవు. అవి నశించినవని మనము దిగులుపడుదుము. పెక్కుసార్లు చెడినది చిత్రము కాదు, దాని లెక్క.

డిస్కును ఒక గ్రామముగా భావింపుడు. అందలి భూమి చిన్న చిన్న కమతములుగా విభజింపబడియుండును. ఏ కమతము ఏ ఫైలునకు చెందినదో, ఏది బంజరో తెలుపు దస్త్రము ఆ డిస్కు మీదనే కలదు. ఈ ఏర్పాటునే ఫైల్‌సిస్టమ్ అందురు. దస్త్రము వ్రాయుచుండగా కలము ఆగిపోయినచో, ఒకే కమతము ఇద్దరి పేర నుండవచ్చును. సాగుభూమి బంజరుగా కనబడవచ్చును. ఆ బంజరు క్రొత్త ఫైలునకు దక్కెనా, పాత ఫైలు ఇక తిరిగి రాదు. కావుననే లెక్క చెదరిన డిస్కును వాడుచుండుట ప్రమాదకరము.

2001లో లినక్స్ కెర్నల్‌లో చేరిన ఎక్స్‌ట్3 ఇందుకొక ఉపాయము చేసినది. చేయబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసి, పిదప దస్త్రమున కెక్కించును. కరెంటు పోయినను చిట్టా చూచి సరిదిద్దుకొనును. ఎక్స్‌ట్4 పద్ధతియు నిదియే. అయినను డిస్కే చెడినప్పుడు చిట్టా చాలదు. అప్పుడు ‘ఎఫ్‌ఎస్‌సికె’ అను ఆదేశమును టైపు చేయవలసియుండును. దస్త్రమునంతయు తనిఖీ చేయు కరణ మిది.

ఇందు మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది, తనిఖీకి ముందు డిస్కును అన్‌మౌంట్ చేయవలెను. ఒకే దస్త్రమును ఇద్దరు ఏకకాలమున దిద్దరాదు. కంప్యూటరు నడచు ప్రధాన డిస్కే అయినచో, వేరొక యు.ఎస్.బి. నుండి ప్రారంభింపవలెను. రెండవది, ఎక్స్‌ట్4 డిస్కునకు ముందుగా ‘ఎన్’ అను గుర్తును చేర్చి నడుపుడు. అది దోషములను చెప్పును గాని దేనిని ముట్టదు. ‘వై’ అను గుర్తు ప్రతి ప్రశ్నకును ముందే ఔనని తలయూపుట. మూడవది, డిస్కు యంత్రమే చెడుచున్నచో, ‘డిడిరెస్క్యూ’తో నకలు తీసి ఆ నకలునే దిద్దవలెను.

పేరు కోల్పోయిన ఫైళ్లు ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అను అరలో సంఖ్యలే పేర్లుగా చేరును. వానిని తెఱచి గుర్తుపట్టుట యజమాని పని.

పని ముగిసినపుడు ఆదేశము ఒక అంకె నిచ్చును. 0 అనగా దోషము లేదు. 1 అనగా దిద్దబడినది. 4 అనగా దోషము మిగిలియున్నది. కాని 0 వచ్చినంత మాత్రమున చిత్రములన్నియు క్షేమమని తలపరాదు. కరణము పొలము గట్లనే చూచును గాని పంటను చూడడు. పంటను కాపాడునది వేరొక డిస్కు మీద మీరు ముందుగా దాచుకొనిన ప్రతి మాత్రమే.