రాతి దుమ్ము - ఒంటిలోని కాపలా

రోగాలతో ఒళ్లు ఎట్లా పోరాడుతుందో చెప్పమని సంఘం వారు కోరినారు. నంద్యాలలో మాట్లాడుతున్నా, నా మనసు ఆళ్లగడ్డ శిల్పుల షెడ్ల మీదనే ఉంది. కారణం చెబుతాను.

ఆళ్లగడ్డలో రాయి పనిచేసే ఒకాయన దగ్గుతో నా దగ్గరికి వచ్చినాడు. "సార్, నాకు బీడీ అలవాటు కూడా లేదు, మరి ఈ దగ్గేంది?" అన్నాడు. "ఎన్నేండ్ల నుంచి మిషను పట్టుకున్నావప్పా?" అన్నాను. "ఇరవై ఏండ్లు సార్."

మన ముక్కులో వెంట్రుకలు, జిగురు ఉన్నాయి. పెద్ద దుమ్మును అవే ఆపుతాయి. కంటికి కనబడని సన్న దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా పోతుంది. అక్కడ భక్షక కణాలు కాపలా ఉంటాయి. 1882లో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు సముద్రపు నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి, ఇలాంటి కణాలు దాని చుట్టూ మూగడం చూశాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సూక్ష్మజీవి వస్తే ఈ కణం దాన్ని మింగి, తన లోపలి రసాలతో కరిగిస్తుంది. దాని ఆనవాలు మిగతా రక్షక కణాలకు చూపిస్తుంది. అవి ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి, ఆ శత్రువును గుర్తు పెట్టుకుంటాయి. టీకా పనిచేసేదీ ఈ జ్ఞాపకం మీదనే.

రాతిలోని సిలికా కరగదు గదా! మింగిన కణమే చస్తుంది. రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చినచోటల్లా మచ్చ కట్టి ఊపిరితిత్తి బిగుసుకుంటుంది. ఇదే సిలికోసిస్. దీన్ని వెనక్కు తిప్పే మందు లేదు. క్షయ క్రిములు కూడా ఆ భక్షక కణాలలోనే కాపురం పెట్టేవి కాబట్టి, కాపలా దెబ్బతిన్న మనిషికి క్షయ సులభంగా పట్టుకుంటుంది.

అన్ని రాళ్లూ ఒకటి కాదు. గ్రానైటులో సిలికా ఎక్కువ, సున్నపురాయిలో తక్కువ. అలాగని బేతంచర్ల పలకలు కోసేవాళ్లు ధీమాగా ఉండవద్దు. నోటికి కట్టే రుమాలు సన్న దుమ్మును ఆపదు. కోసేచోట నీళ్లు పడితే దుమ్ము లేవడం బాగా తగ్గుతుంది. ఎన్95 మాస్కు మొహానికి సరిగ్గా అంటుకుంటేనే పనికొస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం, ఎక్స్‌రే కూడా తీయించండి. రాయి పని చేస్తామని డాక్టరుకు చెప్పండి, లేకపోతే ఆయనకు తట్టదు.

మా వాడికి క్షయ తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగి నయం చేసుకున్నాడు. ఊపిరి మాత్రం మునుపటిలాగా రాలేదు, మెట్లెక్కితే ఆయాసం. ఇప్పుడు మిషను వాళ్ల కొడుకు పట్టుకున్నాడు. నీళ్ల గొట్టం పెట్టించినావా అని పోయిన నెల అడిగితే, "రేపు సార్" అన్నాడు.