గగనం నుంచి న్యాయస్థానానికి: అల్రిక్ క్రాస్‌ను గుర్తు చేసుకుందాం

(గుడియాత్తం యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



రాయవేలూరులో గానీ, ఇక్కడ గుడియాత్తంలో గానీ, అటు చిత్తూరు పల్లెల్లో గానీ మా సంఘం ఎక్కడ కూడినా తల్లిదండ్రులు ఒక మాట తప్పక అడుగుతారు. "అన్నా, మావాడు డిగ్రీ అయిపోతే మిలిటరీకి పోతానంటున్నాడు. మీరేమో లా చదవమంటారు. లా చదివితే అన్నం పెడుతుందా?" అని. ఆ అడగడంలో తప్పు లేదు. ఈ జిల్లాలో సైన్యం జీతంతో నిలబడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. యూనిఫాం వేసుకుంటే ఊళ్ళో మర్యాద, చివర్లో పింఛను. నల్లకోటు వేసుకుంటే మొదటి ఐదేళ్ళు చెట్టు కింద నిలబడాలి.

అందుకే ఈ రోజు, యూనిఫాంలో ఎంతో ఎత్తు ఎదిగి, అది విడిచి నల్లకోటు వేసుకున్న ఒక మనిషిని మీకు పరిచయం చేయాలనుకున్నాం. ఆయన మన ఊరివాడు కాదు. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవివాడు. పేరు అల్రిక్ క్రాస్.

ట్రినిడాడ్ మనకు మరీ పరాయిది కాదు. బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి 1845లో మొదలుపెట్టి కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి పోయారు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళలో అరవంవాళ్ళూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ కూలీ ఓడలు ఆగిపోయిన సంవత్సరం 1917. అదే ఏడాది మే 1న ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, ఆఫ్రికా సంతతి కుటుంబంలో క్రాస్ పుట్టాడు.

చదువులో చురుకైన పిల్లవాడు. పదకొండో ఏట ప్రభుత్వ స్కాలర్‌షిప్ గెలిచి సెయింట్ మేరీస్ కాలేజీ అనే పెద్ద క్యాథలిక్ బడిలో చేరాడు. పదమూడో ఏట తల్లి చనిపోయింది. చదువు మీద మనసు చెదిరింది. పత్రికాఫీసులో పనిచేశాడు, ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాగా చేశాడు, తర్వాత రైల్వేలో చేరాడు. తల్లిని పోగొట్టుకుని, చదువు మధ్యలో తడబడి, చిన్న ఉద్యోగంలో సర్దుకున్న పిల్లలు ఈ కూడికలోనూ ఉంటారు. వాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఆయన కథ అక్కడితో ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. హిట్లర్ సైన్యం యూరప్‌ను మింగుతోంది. అప్పటిదాకా బ్రిటిష్ వాయుసేనలో అధికారి కావాలంటే యూరప్ రక్తం ఉండాలనే నియమం ఉండేది. 1939లో యుద్ధ అవసరం కొద్దీ ఆ నియమాన్ని పక్కన పెట్టారు. 1941లో క్రాస్ సముద్రం దాటి వెళ్ళి వాయుసేనలో చేరాడు.

ఆయన నడిపింది స్టీరింగు కాదని కూడా చెప్పాలి. పైలట్ పక్కన కూర్చునే నావిగేటర్ ఆయన. మస్కీటో అనే విమానంలో ఇద్దరే ఉంటారు. అది చాలావరకు చెక్కతో చేసిన విమానం. పేరుకు తగ్గట్టు దోమలా చిన్నది, వేగమైనది. రాత్రివేళ, కింద దీపాలన్నీ ఆర్పేసిన దేశం మీద పోతుంటే ఎక్కడున్నామో కంటికి తెలియదు. గాలి ఎటు తోస్తోంది, ఎంత వేగంతో పోతున్నాం, ఎన్ని నిమిషాలైంది అని పెన్సిలుతో లెక్క వేసి, "ఇప్పుడు ఇక్కడున్నాం, ఇటు తిప్పు" అని చెప్పాల్సింది నావిగేటరే. ఆయన లెక్క తప్పితే పైలట్ ఎంత వీరుడైనా లాభం లేదు.

ఆయన ఉన్నది 139వ స్క్వాడ్రన్‌లో. జమైకా ప్రజలు విమానాలకు చందాలిచ్చారు కాబట్టి దానికి జమైకా స్క్వాడ్రన్ అని పేరు. పేరులో జమైకా ఉన్నా, అందులో వెస్టిండీస్ మనిషి ఆయన ఒక్కడే. డబ్బు ఇచ్చేవాళ్ళు ఒకరు, కుర్చీలో కూర్చునేవాళ్ళు మరొకరు కావడం మన సంస్థల్లోనూ చూస్తుంటాం కదా!

మొత్తం ఎనభై దాడుల్లో పాల్గొన్నాడు. మధ్యలో విశ్రాంతి తీసుకోమంటే వద్దన్నాడు. ఒకసారి ఇంజిన్ ఒకటి పాడై, మిగిలిన ఒక్కదానితో ఇంగ్లండు చేరారు. దిగిన చోట రన్‌వే చాలక విమానం పోయి పాత రాళ్ళ క్వారీలో పడింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఆయన స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు. డీఎఫ్‌సీ, డీఎస్‌ఓ అనే రెండు పెద్ద పతకాలు వచ్చాయి.

ఇక్కడ ఒక్క మాట. యుద్ధాన్ని పొగడటానికి మేము ఈ కథ ఎత్తుకోలేదు. ఆ బాంబులు పడిన ఊళ్ళలోనూ తల్లులున్నారు, పసిపిల్లలున్నారు. నాజీల దుర్మార్గాన్ని ఆపాల్సి వచ్చిందనేది నిజం. ఆ ఆపడంలో అమాయకులు చనిపోయారనేదీ నిజం. రెండూ మనం మోయాల్సినవే. మా దృష్టిని లాగింది ఆయన ఆ తర్వాత చేసిన పని.

అంత పేరు తెచ్చుకున్నవాడు ఆ పతకాల మీద జీవితాంతం కూర్చుని తినవచ్చు. ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యాడు. లండన్‌లో మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం చదివి 1949లో బారిస్టర్ అయ్యాడు. ట్రినిడాడ్‌కు తిరిగి వచ్చి ప్రభుత్వ న్యాయ సలహాదారుగా పనిచేశాడు, న్యాయం బోధించాడు. కొన్నేళ్ళు బీబీసీలో ఉన్నాడు. 1950ల చివర్లో, అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన ఘనాకు వెళ్ళి ప్రభుత్వ న్యాయవాది అయ్యాడు. తర్వాత కామెరూన్‌లో అటార్నీ జనరల్. 1967 నుంచి టాంజానియాలో హైకోర్టు న్యాయమూర్తి. 1971లో సొంత దేశానికి వచ్చి హైకోర్టులో, 1979 నుంచి అప్పీలు కోర్టులో న్యాయమూర్తిగా పనిచేశాడు.

ఆ దేశాల వరస గమనించండి. దొరల పాలన పోయి, సొంత చట్టాలు రాసుకుంటున్న కొత్త దేశాలవి. జెండా మారినంత మాత్రాన పేదవాడికి న్యాయం రాదు. వాడి ఫిర్యాదు చదివేవాళ్ళు, దాన్ని చట్టం భాషలో రాసేవాళ్ళు, విని తీర్పు చెప్పేవాళ్ళు కావాలి. క్రాస్ ఆ పనికే పోయాడు. ముసలితనంలో కూడా ఊరుకోలేదు. డెబ్బై దాటాక మిత్రులతో కలిసి కాటన్ ట్రీ ఫౌండేషన్ పెట్టి పేద కుటుంబాల పిల్లల చదువుకు తోడ్పడ్డాడు. 2011లో ట్రినిడాడ్ ప్రభుత్వం వైమానిక స్థావరానికి ఆయన పేరు పెట్టింది. 2013 అక్టోబరు 4న, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఇదంతా మనకెందుకు? మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదీ.

మద్రాసులో సూసై అని ఒక చెప్పులు కుట్టే అన్న ఉండేవాడు. ఎండలో, దుమ్ములో రోడ్డు పక్కన కూర్చుని కుట్టేవాడు. అలాంటి ఎస్సీ పనివాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా చిన్న బంకులు ఇచ్చింది. సూసై ఆది ద్రావిడుడే, కానీ క్రైస్తవుడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు గనుక ఆయనకు బంకు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1985లో తీర్పు వచ్చింది. ఓడిపోయాడు. ఎందుకు? మతం మారినా దళితుడు క్రైస్తవ సమాజంలోనూ అంతే తీవ్రమైన అణచివేత అనుభవిస్తున్నాడని నిరూపించే వివరమైన అధ్యయనం ఏదీ తన ముందుకు రాలేదని కోర్టు అంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట దగ్గర ఆగి ఆలోచించండి. అణచివేత లేదా? ఉంది. తిరుచ్చిలో ఒక శ్మశానంలో దళిత క్రైస్తవుల సమాధులను వేరుచేస్తూ గోడ కట్టారు. చచ్చాక కూడా పక్కపక్కన పడుకోనివ్వలేదు. అందరికీ తెలిసిన బాధ అది. కానీ కోర్టుకు కావలసింది సాక్ష్యం: తేదీ, చోటు, పేరు, సంతకం. మన కన్నీళ్ళు నిజమే, మన కాగితాలు లేవు. చీకట్లో ఎగిరే విమానంలో నావిగేటర్ చేసిన పనే న్యాయవాది పని. "మాకు అన్యాయం జరిగింది" అని అరవడం మనందరికీ వచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఏ చట్టం కింద అని గీత గీసి చూపించడానికి చదువు కావాలి, ఓపిక కావాలి.

ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం బయటే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సిగా, తమిళనాడులో బీసీగా లెక్కలో ఉన్నాం. 2022 అక్టోబరులో ఈ విషయం పరిశీలించమని కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు శాసనసభలు మనకు అనుకూలంగా తీర్మానాలు చేశాయి. తీర్మానం మంచిదే. సాక్ష్యం అంతకంటే గట్టిది.

"మనవాళ్ళు అంత దూరం పోగలరా?" అంటారేమో. ఇదే రైలుదారిలో ఉన్న జోలార్‌పేటలో పుట్టి, వేలూరు వూరీస్ కాలేజీలో చదివిన ఎ. వరదరాజన్ గారు 1980లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఎస్సీల నుంచి ఆ పీఠం ఎక్కిన మొదటి మనిషి ఆయనే. దారి ఉంది. నడిచేవాళ్ళు తక్కువ.

కాబట్టి మేము మూడు మాటలు అడుగుతున్నాం. ఒకటి, ఈ సంఘాల నుంచి ఏటా ఒక్కరైనా లా చదవాలి. ప్లస్ టూ తర్వాత ఐదేళ్ళు, డిగ్రీ తర్వాత అయితే మూడేళ్ళు. వేలూరులోనే ప్రభుత్వ న్యాయ కళాశాల ఉంది. ఆ బిడ్డ నిలదొక్కుకునేదాకా మొదటి ఏళ్ళ ఖర్చులో సంఘం చెయ్యి వేయాలి. గుడి గోపురానికి చందా వేసే చేతులకు ఇది భారం కాదు. రెండు, ప్రతి ఊళ్ళో ఒక నోటుపుస్తకం పెట్టండి. అన్యాయం జరిగిన రోజే తేదీ, చోటు, చూసినవాళ్ళ పేర్లు రాయించి సంతకం తీసుకోండి. మూడు, భయపడిన కుటుంబాన్ని ఒంటరిగా వదలకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు మతంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చని చెప్పండి, తోడు వెళ్ళండి.

మిలిటరీకి పోతానన్న తమ్ముడిని మేము ఆపం. పోయి రా నాయనా. తిరిగి వచ్చాక అక్కడ నేర్చుకున్న క్రమశిక్షణను కోర్టు వరండాలోకి తీసుకురా. సువార్తలో ఆ విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మళ్ళీమళ్ళీ వెళ్ళింది. ఆమె పక్కన ఎవరూ లేరు. మన ఊరి విధవరాలి పక్కన నల్లకోటు వేసుకున్న మన బిడ్డ ఒకరు నిలబడాలి. ఆ బిడ్డ ఈ రోజు ఈ కూడికలోనే కూర్చుని ఉన్నాడని, ఉన్నదని మా నమ్మకం.