తుపాను కబురు, వరికోత



బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని కబురు రాగానే వరి పండే ఊళ్లలో అందరి నోటా ఒకటే ప్రశ్న వినబడుతుంది. "చేను కొయ్యమంటారా, ఉంచమంటారా?" అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పటంలో నేనొకసారి తప్పాను. ఆ సంగతి ముందుగా మనవి చేస్తాను. నా తప్పు మీకు ఉపయోగపడితే అంతకంటె కావలసింది లేదు.

2023వ సంవత్సరం డిసెంబరు 4వ తేదీ. మిచౌంగ్ తుపాను సముద్రంలో ఉన్నది. పొద్దుటి నుంచే తుంపర పడుతున్నది. ఒక పెద్దాయన గట్టు మీద ఎదురుపడి, "మూడెకరాలూ పండి ఉన్నదండీ, కొయ్యమంటారా?" అని అడిగాడు. నాకు తొందర పని ఉన్నది. "పండిన పంటే గదా, మీ ఇష్టమండీ" అని చెప్పి ముందుకు పోయాను. ఆయన ఎక్కువ కూలి ఇచ్చి మనుషులను పిలిచి సాయంత్రానికి మూడెకరాలూ కోయించాడు. పనలు చేలో పరచి ఉన్నవి. మరునాడు, 5వ తేదీ మధ్యాహ్నం, తుపాను బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. ఆ రాత్రికి పనలు నీళ్లలో తేలినవి. నాలుగో రోజుకు కంకి మీదనే గింజ మొలకెత్తింది.

పక్క చేను వారు కొయ్యలేదు. వారి చేనూ నేల పడిపోయిన మాట నిజమే. కాని గట్టు తెంచి నీరు తీసి, పడిన దుబ్బులు లేవదీసి కట్టుకుంటే సగానికి పైగా గింజ చేతికి వచ్చింది. ఆ పెద్దాయన నన్ను నిష్ఠూరమాడలేదు. "తమరు వద్దనలేదు గదండీ" అన్నాడు, అంతే. ఆ మాట నేను మరచిపోలేదు.

ఆయన ప్రశ్నకు జవాబు లేకపోలేదు. కాని అది రోజును బట్టి మారుతుంది. డిసెంబరు 1న ఒక జవాబు, 4న ఇంకొక జవాబు. ఎందుకంటారా? తుపాను ఒక్కసారిగా ఊడిపడేది కాదు. మెట్లు మెట్లుగా వస్తుంది.

మిచౌంగ్ సంగతే చూడండి. నవంబరు ఆఖరి వారంలో అది అల్పపీడనం. డిసెంబరు 1న వాయుగుండమైంది. 2న తీవ్ర వాయుగుండం, 3న తుపాను, 4న తీవ్ర తుపాను. 5న తీరం దాటింది. ఈ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవే. గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను, 89 అయితే తీవ్ర తుపాను, 118 చేరితే అతి తీవ్ర తుపాను. కబురులో పేరు మారిందంటే గాలి బలం మారిందని తెలుసుకోవలె.

అమెరికా దేశంలో టోర్నడో అనే సుడిగాలులు వస్తవి. 1974 ఏప్రిల్ 3, 4 తేదీలలో 24 గంటలలోపల 148 టోర్నడోలు 13 రాష్ట్రాల మీద విరుచుకు పడినవి. అటువంటి గాలి ఏ ఊరి మీదికి వస్తున్నదీ కొద్ది నిమిషాల ముందు మాత్రమే తెలుస్తుంది. అక్కడి రైతుకు నేలమాళిగలోకి దూరే వ్యవధే తప్ప పంటను చూసుకునే వ్యవధి ఉండదు. మన తుపాను మనకు మూడు నాలుగు రోజుల గడువు ఇస్తున్నది. ఆ గడువును వాడుకోవటం మన చేతిలో ఉన్నది.

వాతావరణ శాఖ వారు ఈ గడువును నాలుగు మెట్లుగా విభజించి కబురు చెబుతారు. ఏ మెట్టు మీద ఏ పని చేయవలెనో చెబుతాను, గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు మూడు రోజుల ముందు. ఇంకా గాలి లేదు, ఎండ కూడా కాస్తూ ఉండవచ్చు. కొయ్యదలచిన వారు కొయ్యవలసింది అప్పుడే. అయితే ఒక షరతు ఉన్నది. కోత, నూర్పు, ఇల్లు చేర్చటం, ఈ మూడు పనులూ రెండు రోజులలో ముగిసేటట్లుంటేనే కొడవలి పట్టండి. కోత మిషను దొరికి, ధాన్యం పోసుకోవటానికి కప్పు కింద చోటు ఉంటే కోయించండి. మిషను రెండు రోజులకు గాని రాదంటే ఆ ఆశ వదులుకోండి. కోసిన పంట ఇల్లు చేరితేనే దక్కినట్లు. చేలో పన మీద ఉన్నది మనది కాదు, వానది.

రెండవ మెట్టు రెండు రోజుల ముందు. ఇక కోత ఆపవలె. అప్పటికే కోసినది ఉంటే పనలు ఎత్తి, మెరక మీద అడుగు వెడల్పుగా, పైన ఏటవాలుగా కుప్ప వేసి, బరకం కప్పి తాళ్లతో బిగించండి. గాలికి బరకం లేచిపోకుండా అంచుల మీద మట్టి బస్తాలు పెట్టండి. నిలబడి ఉన్న చేనుకు చేయవలసిన ఉపకారం ఒక్కటే, నీరు పోయే దారి. మడి గట్లకు గండ్లు పెట్టండి. బోదె పూడికా, మురుగు కాలువలోని తూడూ తీయండి. ఈ పని ఒక్కడు చేస్తే చాలదు. కింది చేను వారు దారి ఇవ్వకపోతే పై చేను నీరు కదలదు. గట్టు తగాదాలు ఉంటే నాలుగు రోజులు పక్కన పెట్టండి. ఎరువు చల్లటం, మందు కొట్టటం మానండి. చల్లిన యూరియా వాన నీటితో కాలువ పాలవుతుంది.

మూడవ మెట్టు ఒక రోజు ముందు. అప్పుడు తోట, గొడ్డూ గోదా చూసుకోవలె. పక్వానికి వచ్చిన అరటి గెలలు కొట్టండి, మిగిలిన చెట్లకు వెదురో సరుగుడో పోటు పెట్టండి. ముదిరిన కొబ్బరికాయ దింపండి. మోటారు విప్పి మెరకకు చేర్చండి. పశువులను పల్లపు కొట్టంలో ఉంచకండి. మెరకకు తోలలేకపోతే కనీసం పలుపులు విప్పి వదలండి. కట్టుగొయ్యకు ఉన్న ఆవు ఎంత ఈత వచ్చినా ఏం చేయగలదు చెప్పండి? విత్తనాలు, పట్టాదారు పుస్తకం, బ్యాంకు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి పెట్టుకోండి.

నాలుగవ మెట్టు 12 గంటల ముందు. ఇప్పుడు పంట మాట లేదు, ప్రాణం మాటే. పల్లపు ఊళ్ల వారు పిలుపు రాగానే తుపాను షెల్టరుకు వెళ్లండి. "ఇల్లు వదిలి నేను రాను" అనే ముసలివారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బతిమాలండి, కాదంటే ఎత్తుకుపోండి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మే 9న అదే కృష్ణా తీరానికి అంతకు తీసిపోని తుపాను వచ్చింది. ముందుగానే కబురంది, లక్షలాది జనాన్ని పల్లం నుంచి తరలించారు. మృతులు వెయ్యి లోపు. అదీ ఎక్కువే, కాని కబురు విని కదిలితే ఎంత తేడా వస్తుందో గ్రహించండి.

కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు బ్యాటరీ రేడియో అక్కరకు వస్తుంది. అదీ వినబడకపోతే తుపాను ఎటు ఉన్నదో పోల్చుకునే గుర్తు ఒకటి చెబుతాను. గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడి కుడి చెయ్యి చాపండి. తుపాను కేంద్రం ఆ చేతి వైపున, కాస్త వెనుకగా ఉంటుంది. మన దేశంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరగటమే దీనికి కారణం. అందువల్లనే తీరం దాటే చోటుకు ఉత్తరపు పక్కన గాలి సముద్రం మీద నుంచి ఊళ్ల మీదికి వీస్తుంది. ఉప్పెన ప్రమాదం ఆ పక్కన ఎక్కువ.

ఇంకొక హెచ్చరిక. హోరుగాలి ఒక్కసారిగా ఆగి, వాన తెరపి ఇచ్చి, ఆకాశం కొంత తేటపడితే తుపాను పోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను. అది దాటగానే మళ్లీ అంత గాలీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మొదటి గాలికి ఊగిన చెట్టు రెండో గాలికి కూలుతుంది. గాలి తగ్గినదనే కబురు వచ్చిన తరువాతనే గడప దాటండి. తెగి పడిన తీగె కనబడితే ముట్టుకోకండి.

తరువాత చేయవలసింది పొలం పని. వాన వెలిసిన నాడే నీరు తీయటానికి దిగండి. ఒక్క రోజు ఆలస్యమైనా గింజ మొలక అందుకుంటుంది. పడిపోయిన చేనులో నాలుగైదు దుబ్బులు కలిపి లేవదీసి కట్టండి. కోతకు వచ్చిన కంకుల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి తడిసేటట్లు చల్లండి. ఎకరాకు 200 లీటర్ల నీరు పడితే ఉప్పు 10 కిలోలు అవుతుంది. ఉప్పు మొలకను అణచి పెడుతుంది. తడిసిన పనల మీద కూడా ఇదే ద్రావణం చల్లవచ్చు. నూర్చిన ధాన్యం తడిస్తే పోగుగా వదలకండి, లోపల ఆవిరి పట్టి రంగు మారుతుంది. ఎండ లేని రోజులలో క్వింటాలు ధాన్యానికి 1 కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచి, ఎండ రాగానే పలుచగా ఆరబోయండి. ఉప్పునీటి చికిత్స పండిన చేనుకే గాని పాలు పోసుకుంటున్న పచ్చి చేనుకు కాదు. నష్టం లెక్క రాసేవారు వచ్చేలోగా మీ చేనుకు ఫోటో తీయించి ఉంచండి.

ఆ పెద్దాయన నేటికీ కబురు రాగానే నన్ను అడుగుతూనే ఉంటాడు. ఇప్పుడు "మీ ఇష్టం" అనటం లేదు నేను. "ఎన్ని గంటలున్నవి? మిషను దొరికిందా? ధాన్యం పోసే చోటు ఉన్నదా?" అని మూడు ప్రశ్నలు నేనే అడుగుతాను. మూడింటికీ జవాబు సరిగా ఉంటే కొయ్యమంటాను. ఏ ఒక్కటి తప్పినా చేను నిలబెట్టి, గట్టుకు గండి పెట్టమంటాను. మీరు కూడా ఈసారి వాయుగుండం కబురు వినగానే, కొడవలి తీసేముందు, ఈ మూడు ప్రశ్నలూ వేసుకోండి.