శివారు పొలానికి నీళ్లెందుకు రాలేదు?



లా పట్టాలిచ్చే సభలో గూఢచర్యం గురించి మాట్లాడతానంటే, ఇంకేదైనా మంచి విషయం చెప్పకూడదా అన్నారు ప్రిన్సిపాల్ గారు. కానీ ఆ విషయానికీ మన బెజవాడకీ దూరం లేదు. 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో నావికాదళానికి చెందిన ఏడుగురినీ, ముంబైలో ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. కొండ పేరు విశాఖది, ఎఫ్‌ఐఆర్ మాత్రం విజయవాడలోని కౌంటర్ ఇంటెలిజెన్స్ పోలీస్ స్టేషన్‌ది. ఓడలు, జలాంతర్గాముల కదలికలను పాకిస్థాన్‌కు చేరవేశారన్నది ఆరోపణ. అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో నీళ్లలోకి దిగింది విశాఖలోనే కాబట్టి, ఆ వార్త వినగానే దేశమంతా ఉలిక్కిపడింది. తర్వాత కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. 2020 జూన్‌లో 14 మంది మీద ఛార్జిషీటు దాఖలైంది.

ఆ కేసు మంచిచెడ్డలు నేను చెప్పను, అది కోర్టు పని. అలాంటి కేసు కట్ట మీ బల్ల మీదికి వస్తే ఏం చేస్తారన్నదే నా ప్రశ్న. ఒక కుర్ర నావికుడు ఫేస్‌బుక్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయితో నెలల తరబడి మాట్లాడాడు. ఆ చాటింగ్ మీ ముందుంది. డబ్బుకు తెలిసే అమ్ముడుపోయాడా? వలపు వలలో పడి బెదిరింపులకు లొంగాడా? ఒంటరితనంతో గొప్పలు వాగాడా? అతని ఫోనే ఇంకొకరి చేతిలో ఉందా? మొదటి కథ నమ్మినవాడికి ఆ చాటింగ్ గొప్ప సాక్ష్యంగా కనిపిస్తుంది. కానీ అది మిగతా మూడు కథలకూ అంతే బాగా అతుకుతుంది. ఏ ఖాతాలో ఏ రోజు డబ్బు పడింది, దానికి ముందు ఏ సమాచారం వెళ్లింది అని తారీఖు పక్కన తారీఖు పెట్టినప్పుడే ఒక కథ నిలిచి ఇంకోటి కూలుతుంది.

మీలో నాగాయలంక, కృత్తివెన్ను, కోడూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. శివారు పొలానికి నీళ్లు రాకపోతే ఊరు మొదట అనే మాట ఏమిటి? ఎగువవాడు రాత్రికి రాత్రి నీళ్లు మళ్లించుకున్నాడని. మళ్లించుకునే ఉండొచ్చు. బ్యారేజీ దగ్గరే తక్కువ వదిలి ఉండొచ్చు, కాలవలో గుర్రపుడెక్క అడ్డం పడి ఉండొచ్చు, పూడిక తీయక నీరు పారకపోయి ఉండొచ్చు. నెర్రెలిచ్చిన నారుమడి ఈ నాలుగింటికీ సాక్ష్యమే, అంటే దేనికీ సాక్ష్యం కాదు. పని తెలిసిన లస్కరు ఎవరితోనూ వాదించడు. గట్టు వెంట నడిచి, నింద మోస్తున్న ఆ రైతు తూముకు ఎగువన మట్టం ఎంత, దిగువన ఎంత అని చూస్తాడు. ఎగువనే నీరు లేకపోతే ఆ రైతు దొంగ కాడు.

1994లో తిరువనంతపురంలో ఆ మట్టం ఎవరూ చూడలేదు. అక్టోబరు 20న గడువు దాటి ఉండిపోయిందని మరియం రషీదా అనే మాల్దీవుల మహిళను అరెస్టు చేశారు. ఆమెకు ఇస్రోలో ఒక శాస్త్రవేత్తతో పరిచయముందని తెలిసింది. అక్కడి నుంచి కథ అల్లుకుపోయింది. నవంబరు 30న ఇస్రోలోనే మరో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను పట్టుకుపోయారు, 50 రోజులు నిర్బంధించారు. రాకెట్ ఇంజన్ల రహస్యాలు, ముఖ్యంగా క్రయోజెనిక్ పరిజ్ఞానం, పాకిస్థాన్‌కు అమ్మారన్నది అభియోగం. పత్రికలు రోజుకో ధారావాహిక నడిపాయి.

అడగాల్సిన మొదటి ప్రశ్న చాలా చిన్నది: అమ్మారంటున్న సరుకు అమ్మేవాడి దగ్గర ఉందా? రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో 1991లో మనం చేసుకున్న ఒప్పందంలో పరిజ్ఞానం ఇచ్చే మాట ఉంది. అమెరికా ఒత్తిడికి 1993లో రష్యా ఆ మాట వెనక్కి తీసుకుని, ఇంజన్లు మాత్రమే ఇస్తానంది. అంటే 1994లో ఆ విద్య మన చేతిలో లేదు. మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవ హైడ్రోజన్‌ను అదుపు చేసే ఇంజన్ అది, ఒక కాగితాల చుట్ట చేతులు మారితే తయారయ్యేది కాదు. మనవాళ్లు సొంతంగా చేసిన క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. అభియోగంలోనే ఉన్న వికాస్ ఇంజన్ సంగతి వేరు, అది మన దగ్గర ఉన్నదే. అక్కడైనా ఏ కాగితం, ఎప్పుడు, ఎవరి చేతికి అని అడగాలి కదా.

డిసెంబరులో కేసు సీబీఐకి వచ్చింది. అప్పుడు దానికి డైరెక్టరు మన తెలుగువాడు, కె. విజయరామారావు గారు. ఫలానా రోజు ఫలానా చోట కలిశారన్న వాంగ్మూలాలను రికార్డులతో సరిచూస్తే పొసగలేదు. ఆరోపణలకు ఆధారం లేదని 1996లో సీబీఐ నివేదిక ఇచ్చింది, కోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 14న నంబి నారాయణన్‌కు 50 లక్షల పరిహారం ఇమ్మంది. ఇరవై నాలుగేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మాట అంటే మీలో కొందరికి నచ్చకపోవచ్చు. ఇదంతా సీఐఏ కుట్రేనని ఇప్పుడు చాలామంది తీర్మానించేశారు. మన క్రయోజెనిక్ పథకం మీద అమెరికాకు మంట ఉందన్నది నిజం. కానీ ఆ మంట కుట్రకూ సరిపోతుంది, పోలీసుల తొందరపాటుకూ అడ్డు రాదు. నంబి నారాయణన్ గారి మీద గౌరవంతో ఆ రెండో కథను పరీక్షించకుండా మింగేస్తే, మొదటి కథ మింగినవాళ్లకూ మనకూ తేడా ఏముంది?

అనుమానాలన్నీ వట్టివే అవుతాయనుకోకండి. 1944 నాటి సోవియట్ రహస్య తంతిని అమెరికన్లు 1949లో ఛేదిస్తే, అణుబాంబు పథకంలో శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ రాసిన పత్రం అందులో కనిపించింది. రాసినవాడే ఇచ్చాడని ఏముంది? దాని ప్రతి అందుకున్నవాడెవడైనా ఇచ్చి ఉండొచ్చు. ఆయన సహచరుడు రుడాల్ఫ్ పైర్ల్స్ మీదా అనుమానం నడిచింది. గూఢచారికి ఒక సోదరి ఉందని ఇంకో తంతి చెప్పింది. ఫుక్స్ చెల్లెలు అమెరికాలోనే, మసాచుసెట్స్‌లో ఉంటోంది. ఇలా ఒక్కో ముక్కా కొందరిని తప్పిస్తూ వచ్చింది. ఆ తంతులను కోర్టులో పెట్టే వీల్లేదు కనుక ఒప్పుకోలు కావాల్సి వచ్చింది. 1950 జనవరిలో ఆయన ఒప్పుకున్నాడు, మార్చిలో 14 ఏళ్ల శిక్ష పడింది.

మీకు మరీ ముఖ్యమైనది మన అధికార రహస్యాల చట్టం, 1923 నాటిది. సెక్షన్ 3 మళ్లీ తీసి చదవండి. ఫలానా పని చేశాడని రుజువు చేయకపోయినా, పరిస్థితులను బట్టీ, నడతను బట్టీ, నిరూపితమైన స్వభావాన్ని బట్టీ దేశానికి హాని చేసే ఉద్దేశం ఉందని తేల్చే వీలు అందులో ఉంది. సెక్షన్ 4 ప్రకారం విదేశీ ఏజెంటు చిరునామా మీ దగ్గర దొరికినా చిక్కే. విచారణ తలుపులేసుకుని జరపొచ్చు. చట్టమే ఇంత సందు ఇచ్చినప్పుడు, తూము దగ్గర మట్టం చూసే పని వకీలుదే, మేజిస్ట్రేటుదే. రిమాండు రిపోర్టులో ‘విశ్వసనీయ సమాచారం మేరకు’ అన్న ముక్క కనిపించగానే పెన్ను ఆపి, ఈ సమాచారం నిజం కాకపోయినా మిగతా రిపోర్టు ఇలాగే ఉండేదా అని చూడండి. ఉండేదైతే, ఆ రిపోర్టు మీకు ఇంకా ఏమీ చెప్పనట్టే.

చివరిగా లాస్ అలమోస్ కేసు. అమెరికా డబ్ల్యూ-88 అణు వార్‌హెడ్ వివరాలు చైనాకు పొక్కాయని 1995లో బయటపడింది. ఆ సమాచారం ఎన్నో ప్రభుత్వ సంస్థలకూ, కంపెనీలకూ వెళ్లింది. అయినా దర్యాప్తు తొందరగానే లాస్ అలమోస్ అనే ఒక్క ప్రయోగశాల మీద, అందులో ఒక్క మనిషి మీద, తైవాన్‌లో పుట్టిన వెన్ హో లీ మీద వాలింది. 59 అభియోగాలు మోపి, 278 రోజులు నిర్బంధించారు. ఆయన పూర్తిగా కడిగిన ముత్యమనీ అనలేం, రహస్య ఫైళ్లను టేపుల మీదికి ఎక్కించుకున్నాడు, ఆ ఒక్క నేరం ఒప్పుకున్నాడు. గూఢచారా, అమాయకుడా అని రెండే గదులు కట్టుకున్నవాళ్లకు ఆయన ఏ గదిలోనూ పట్టలేదు. 2000 సెప్టెంబరులో జడ్జి జేమ్స్ పార్కర్ నిండు కోర్టులో ఆయనకు క్షమాపణ చెప్పారు. మరి డబ్ల్యూ-88 వివరాలు ఎవరిచ్చారు? ఇంతవరకూ ఎవరి మీదా ఆ అభియోగం మోపలేదు.

మీ పేర్లు పిలిచే వేళయింది.