కండువా కింద మాట కండువా కిందే ఉండాలి

(సంఘం జిల్లా శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, ఎరువులు, కౌలు కార్డుల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ ఫోన్ల గొడవ ఎందుకని కొందరు అడిగారు. పశువుల సంత నుంచే మొదలుపెడదాం. ఎడ్ల బేరంలో కండువా కింద చేతులు కలిపి వేళ్లతో ధర చెప్పుకోవడం మనకు తెలిసిందే. చుట్టూ వందమంది చూస్తుంటారు. బేరం జరుగుతోందని అందరికీ తెలుసు, ధర మాత్రం ఆ ఇద్దరికే తెలుసు. అక్కడ ఎవరూ తప్పు చేయడం లేదు. అయినా చాటు కావాలి. మన అవసరం ఎంతో నలుగురికీ తెలిస్తే మన సరుకుకు ధర ఉండదు.

ఎన్‌క్రిప్షన్ అంటే ఆ కండువాయే. 2016 నుంచి వాట్సాప్ సందేశాలన్నిటికీ అది ఉంది. మాట మన ఫోన్‌లో తాళం పడి అవతలి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. 2021 ఐటీ నిబంధనల్లో కేంద్రం ఒక మెలిక పెట్టింది. ఉత్తర్వు వస్తే ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో కంపెనీ చెప్పాలట. ఆ ఒక్కరిని పట్టాలంటే అందరి సందేశాలకూ ముందే గుర్తు వేసి ఉంచాలి. దీన్ని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఆ కంపెనీ మీద మనకు ప్రేమేమీ లేదు. కానీ ఒక్క దొంగ కోసం సంతలో అందరి కండువాలూ లాగుతామంటే ఒప్పుకోలేం.

తప్పు చేయనివాడికి భయమెందుకు అంటారు. ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు ఏం తప్పు చేశారు? 2021 జనవరి 26 తర్వాత సింఘు, టిక్రీ, ఘాజీపూర్‌లలో ఇంటర్నెట్ ఆపేశారు. ఫిబ్రవరి 1న కిసాన్ ఏక్తా మోర్చా ట్విట్టర్ ఖాతాను దేశంలో కనపడకుండా చేశారు. అదే ఏడాది నవంబరు 19న మూడు సాగు చట్టాలనూ వెనక్కి తీసుకుంటున్నామని ప్రధానే ప్రకటించారు. అడిగింది న్యాయమని తేలేదాకా అడిగినవాళ్లు అనుమానితులే!

నిఘా అసలే వద్దని మనం అనడం లేదు. హద్దు ఉండాలంటున్నాం. ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలని, దానికి గడువు ఉండాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే పీయూసీఎల్ కేసులో చెప్పింది. కానీ ఉత్తర్వు ఇచ్చేదీ అధికారులే, దాన్ని సమీక్షించేదీ అధికారులే. మధ్యలో జడ్జి లేడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి చొరబడకూడదు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం, ఏ ప్రభుత్వ సంస్థకైనా మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే పెట్టింది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చి, మనం అడిగే వివరాలకు అడ్డం వేసింది. మన ఇంటి తలుపు తీయాలట, ఆఫీసు తలుపు మూయాలట.

ఇక రైతు ఐడీ సంగతి. 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ రూ.2,817 కోట్ల డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. మన భూమి, పంట, పథకాల వివరాలు ఒకే నంబరు కిందికి వస్తున్నాయి. దానివల్ల బీమా, పరిహారం త్వరగా అందితే సంతోషమే. కానీ ఆ వివరాలు ఏ కంపెనీ చేతికి వెళతాయి? ఎవరు ఎంత వేశారో, ఎవరికి డబ్బు అవసరమో ముందే తెలిసిన వ్యాపారి ముందు మన బేరం నిలుస్తుందా? "వేలిముద్ర వేయకపోతే పథకం ఆగుతుంది" అని చెప్పి వేయించుకున్నది సమ్మతి ఎలా అవుతుంది?

అందుకే మనం అడగాలి. మన వివరాలు ఎవరికిచ్చారో మనకు తెలుగులో రాతపూర్వకంగా చెప్పాలి. నమోదు కాలేదని ఏ పథకమూ ఆపకూడదు. ఫోన్ నిఘాకు జడ్జి అనుమతి తప్పనిసరి చేయాలి.

మన జాగ్రత్త కూడా మనకుండాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టుకోండి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, రేషన్‌కు వెళ్లేముందు తీసుకోవాలి. ఇంకొక మాట. ఎన్‌క్రిప్షన్ మాటను దాస్తుంది గానీ, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో దాయదు. పెగాసస్ లాంటివి ఫోన్‌లోకే దూరి కూర్చుంటాయి. గ్రూపులో ఒక్కరు బయటపెడితే చాలు, ఏ తాళమూ పనిచేయదు. ఫోన్‌ను ఎంత నమ్మాలో అంతే నమ్మండి.

తాతలు కండువా కింద కాపాడుకున్నది బేరమాడే హక్కును. దాన్ని మనం వదులుకోవద్దు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ డిమాండ్లు చర్చించి, తీర్మానాలు చేసి, మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుందాం.