పీనుగ లేచిన ఇంటిమీద బేరం పెట్టనివ్వకండి

(మండల కేంద్రంలో పల్లెవాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట ఎన్నికల గురించి మాట్లాడను. మన పల్లెలో ఒక పెద్దదిక్కు పోయినాక ఆ ఇల్లు ఎవరి చేతికి పోతోంది? ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

జరిగేది మీకు తెలిసిందే. తండ్రో, తల్లో పోతారు. పాడె, గొయ్యి, వచ్చినవాళ్లకు కూడు, పెద్దదినం. చేతిలో పైసా ఉండదు, అప్పు చేస్తాం. దినం నాటికి కామందు మనిషి వస్తాడు. "మీ నాయన నా దగ్గర తీసుకున్నాడురా" అని ఒక నోటు చూపిస్తాడు. చచ్చినవాడు లేచొచ్చి చెప్పలేడు గదా! పెద్దకొడుకు హైదరాబాదులో బేల్దారి పనికి తిరిగి పోవాలి. "రెండు సెంట్ల కొంపే గదా, రాసిచ్చెయ్" అంటాడు. తెల్లకాగితం మీద రాస్తారు. కొడుకులు సంతకాలు పెడతారు. ఆడబిడ్డ దొడ్లో గిన్నెలు తోముతా ఉంటుంది. ఆమెను పిలిస్తే వేలిముద్రకే పిలుస్తారు, మాటకు పిలవరు.

నాలుగు ముక్కలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది అప్పు. ప్రామిసరీ నోటు గడువు మూడేళ్లు. ఆ మూడేళ్ల లోపల చెల్లు వేయించుకోకపోతే కోర్టులో దావా నిలవదు. నోటు అడిగి తీసుకుని తారీఖు చదివించండి. నిజమైన అప్పే అయినా, చనిపోయినాయన వదిలిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. కొడుకు రెక్కల కష్టం దానికి తాకట్టు కాదు.

రెండోది వాటా. తండ్రి సొంత ఇల్లయి, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన తల్లికీ, భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ తలా ఒక సమాన వాటా. పట్టా తల్లి పేరున ఉంటే ఆమె భర్తకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానం. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందులో భార్యకు మూడోవంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. వాటా ఉన్నా, ఉంటున్న ఇల్లు పంచమని అడిగే హక్కు హిందూ చట్టంలో ఆడబిడ్డకు చాలాకాలం లేదు. మగవాళ్లు పంచుకుంటేనే ఆమెకు. 2005లో ఆ సెక్షన్ ఎత్తేశారు. కట్నం ఇచ్చాం గదా అంటారు కొందరు. కట్నం పోయింది అత్తింటికి! మొగుడు తరిమితే ఆమె ఏ గుమ్మం తొక్కాలి? ఆడవాళ్ల హక్కుల హిందూ కోడ్ బిల్లును ఆపేసినందుకు కూడా బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవిని వదిలేశాడు. ఆయన బొమ్మకు దండ వేసిన చేత్తో చెల్లెలి వాటా కొట్టేస్తామా?

మూడోది కాగితం. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. తెల్లకాగితంతో హక్కు మారదు. కానీ ఆ కాగితం చేతబట్టి వాడు తాళం వేస్తాడు, గడ్డివాము వేస్తాడు, మనం ఏళ్లతరబడి కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే మొదటే వేలు పెట్టకండి.

నాలుగోది సర్కారిచ్చిన ఇంటి పట్టా. 1977 అసైన్డు భూముల చట్టం కింద ఆ జాగా వారసులకు వస్తుంది, బయటివాడికి అమ్మకూడదు. అమ్మినా చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత సవరణలు చేసి, కొన్నేళ్లు గడిచిన ఇంటి స్థలాలు అమ్ముకునే వీలిచ్చారు. మీ పట్టా తారీఖు తహసీల్దారు ఆఫీసులో చూపించి, అమ్మొచ్చో లేదో తేల్చుకున్నాకే మాట్లాడండి.

అసలు అమ్మొద్దని నేననను. పిల్ల చదువు ఉంటుంది, ఆపరేషన్ ఉంటుంది. ఆకలిమీద ఉన్నవాడికి నీతులు చెప్పను. అమ్మాల్సివస్తే వారసులంతా కూర్చుని ఒప్పుకుని, మంచి ధరకు, రిజిస్టరు చేసి అమ్మండి. ఒకరు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకే ముందు కొనే హక్కు ఉందని 1956 చట్టంలోనే 22వ సెక్షన్ చెబుతోంది. వాళ్లకు చేతకాకపోతే పల్లెలో ఇల్లులేని కుటుంబాన్ని అడగండి. ఎందుకంటారా? ఊళ్లో మనకు జాగా అమ్మేవాడెవడు? పల్లెలో ఒక్కో ఇల్లు కామందు దొడ్డి కింద మారితే, రేపు మన పిల్లలు పెళ్లయ్యాక ఎక్కడ పొయ్యి పెట్టుకుంటారు? ఒక దెబ్బలాట వస్తే పక్కన నిలబడే గడప ఏది?

కాబట్టి ఈ సభలో మూడు తీర్మానాలు చేద్దాం. చావు జరిగిన ఇంటిమీద నెలరోజుల దాకా ఏ కాగితమూ రాయకూడదు. ఆడబిడ్డ ఎదురుగా కూర్చోకుండా ఏ బేరమూ జరగకూడదు. ఇంటికింత అని నెలనెలా వేసి పల్లెలో చావు నిధి పెట్టుకోవాలి. పాడెకు కామందు గుమ్మం తొక్కే పని తప్పితే సగం ఇళ్లు నిలబడతాయి. ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ 1987 చట్టం కింద సర్కారు ఖర్చుతో వకీలును పెడతారు. కోర్టు ఆవరణలో న్యాయసేవా కమిటీని అడగండి. ఒక్కరే పోకండి, పదిమంది పొండి.

తాతలు మట్టి మోసి లేపిన గోడలివి. పోయినవాళ్లకు మనం చేసే అసలైన దినం ఆ గడపను నిలబెట్టడమే.

జై భీమ్!