ఆకాశంలో కన్ను, నేలమీద మనుషులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దేశంలో రిమోట్ సెన్సింగ్ ఎలా వేళ్ళూనుకుందో పది నిమిషాల్లో చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఉపగ్రహాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటారు. వాటి బొమ్మలు చదివే మనుషులు ఎలా తయారయ్యారో చెబుతాను.

ఈ పని ఉపగ్రహాల కంటే ముందే మొదలైంది. 1966లో డచ్చివారి సహకారంతో విమాన ఛాయాచిత్రాలు చదవడం నేర్పే సంస్థ డెహ్రాడూన్‌లో వెలసింది. 1970లో ప్రొఫెసర్ పిషారోటి గారి బృందం కేరళ కొబ్బరి తోటలను హెలికాప్టరు నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీసి, తెగులు సోకిన చెట్లను గుర్తించింది. 1974లో ఎన్.ఆర్.ఎస్.ఏ. ఏర్పడి, హైదరాబాదు దానికి కేంద్రమైంది. 1979లో షాద్‌నగర్ దగ్గరి కేంద్రం అమెరికా వారి లాండ్‌శాట్ సంకేతాలను అందుకోసాగింది. అందుకే 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఎ బైకనూరు నుంచి పైకి వెళ్ళేనాటికి, దాని బొమ్మలు చదవగలవారు భూగర్భ, అటవీ, వ్యవసాయ రంగాల్లో సిద్ధంగా ఉన్నారు.

మా తరానికి కంప్యూటరు కంటే లైట్ టేబులే దగ్గరి చుట్టం. కింద దీపం, పైన ఫిల్ము, ఆపైన ట్రేసింగు కాగితం. ఆ బొమ్మలో పచ్చని చెట్టు ఎర్రగా కనిపిస్తుంది. ఆ మాట ఇంట్లో చెబితే నవ్వేవారు.

ఒకసారి ఎండాకాలపు బొమ్మలో ఒక చెరువు గర్భమంతా ఎర్రగా కనిపించింది. అంత పైరు ఎక్కడిదని జీపులో వెళ్ళి చూస్తే, అంతా సర్కారు తుమ్మ. అక్కడున్న రైతు, "ఇది ఎవరూ వేసింది కాదయ్యా. చెరువు నిండక నాలుగేళ్ళయింది. అదే మొలిచింది" అన్నాడు. పచ్చదనం ఉందని బొమ్మ చెప్పింది. ఎందుకుందో ఆయన చెప్పాడు.

అడవుల లెక్క దగ్గర పెద్ద వాదమే నడిచింది. 1972-75, 1980-82 నాటి లాండ్‌శాట్ బొమ్మలను పోల్చి, దేశంలో అడవి 16.89 శాతం నుంచి 14.10 శాతానికి తగ్గిందని మనవారు తేల్చారు. రికార్డుల్లో చూస్తే అడవి సుమారు 23 శాతం. రికార్డు చెప్పేది అడవిగా నమోదైన భూమి; బొమ్మ చూపేది నిజంగా నిలిచి ఉన్న చెట్లు. చివరకు అటవీ సర్వే వారు, మనవారు కలిసి కూర్చుని లెక్కలు సరిచూశారు. 1987 నుంచి అటవీ సర్వే నివేదికలు వెలువడుతున్నాయి. ఒకరి లెక్కను మరొకరు నిలదీసే అలవాటే మనల్ని ఒక సమాజంగా కట్టింది.

2008లో ఎన్.ఆర్.ఎస్.ఏ. ఎన్.ఆర్.ఎస్.సి. అయింది. 2009లో భువన్ వచ్చాక కుర్రవాళ్ళు ఇంట్లోనే బొమ్మలు చూస్తున్నారు. ఇప్పుడు యంత్రాలే పైరును, తుప్పను వేరుచేస్తున్నాయి. కాని, ఏది తుప్పో ముందు ఎవరో నేలమీద చూసి చెప్పాలి కదా! ముప్పై, నలభై ఏళ్ళ కిందటి నేలను ఇప్పుడు వెళ్ళి చూడలేం. ఆనాడు చూసి రాసుకున్నది మన డైరీల్లోనే ఉంది.

కనుక నాదొక మనవి. అటకమీది మీ సొంత డైరీలను పాత కాగితాలవాడికి తూచకండి. ఊరు, తేదీ, చూసినది శుభ్రంగా ఎత్తిరాసి సంఘానికి ఇవ్వండి. చూపు ఆనని వారికి పిల్లలు, మనుమలు సాయపడాలి. ఏటా మనలో కొందరు తగ్గుతున్నారు. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.